మిజోగుచి పరమాణువులు ఎందుకు వణికాయి

మిజోగుచికి రహస్యం దాచడం చేతకాదు. నోరు కట్టేసుకోగలడు గానీ ముఖం కట్టేసుకోలేడు. ఆ ఏడాది శరత్తులో ఆకులు ఎర్రబడిన దగ్గర్నుంచి సంవత్సరం చివరిదాకా ఆయన ముఖం చూసినవాళ్లకి, పాపం వీళ్లింట్లో ఎవరో మంచం పట్టారు కాబోలు అనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే పొట్ట పట్టుకుని నవ్వుకుంటాం. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండిపోయేది. అడిగితే చెప్పడు. చెప్పకపోతే ఊరుకునే రకాన్ని కాను నేను.

మా సంస్థ నగోయా పొలిమేరలో కొండవాలు మీద ఉంది. పింగాణీ జాతికి చెందిన గట్టి పదార్థాల మీద పరిశోధన చేస్తారు. అందులో నమూనాలు అరగదీయడం నా పని. గోరంత ముక్కని తీసుకుని, అవతలి వెలుగు ఇవతలికి కనిపించేదాకా అరగదీయాలి, ఆ తర్వాత ఇంకా అరగదీయాలి. దాన్ని తీసుకెళ్లి మిజోగుచి చేతిలో పెడితే, ఆయన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెట్టి అందులోని పరమాణువులను చూపిస్తాడు. ఒక్కో పరమాణువూ ఒక్కో తెల్ల చుక్క. నల్లటి తెర మీద వరసలు వరసలుగా, నాట్లు వేసిన మడిలా ఉంటాయి. ఎన్నేళ్లు చూసినా నాకు ఆ మడి ముందు నోరు పెగలదు. నా నోరు పెగలకపోవడమంటే మాటలు కాదు, మావాళ్లెవర్నైనా అడగండి.

ఆయన యంత్రం పాతది. మేమంతా దాన్ని బామ్మ అంటాం. కొత్త యంత్రాల్లో మనిషి ఒక గదిలో, యంత్రం ఇంకో గదిలో ఉంటాయి. బామ్మకి ఆ సౌకర్యం లేదు. మనిషి చేతులు ఆనించే బల్లా, నిలువెత్తు గొట్టమూ ఒకే ఒళ్లు. అందుకని ఆ గదిలో మడి ఎక్కువ. ఫోన్లు బయట పెట్టాలి. ఇనప వస్తువు ఒంటి మీద ఉండకూడదు. తలుపు దొంగలా మూయాలి. గట్టిగా మాట్లాడితే ఆ మాట బొమ్మలో అలలా పడుతుంది. పరమాణువుల దాకా వెళ్లినవాడికి పక్కవాడి దగ్గు కూడా భూకంపమే.

ఈ నియమాలన్నీ మనుషులకి. దేవుడికి సంబంధించిన వాటికి కాదు. కొండ కింది గుడి నుంచి తెచ్చిన రక్షరేకు బామ్మ గొట్టానికి అంటించి ఉంటుంది. కొత్త సంవత్సరం మొదటి పనిరోజున అందరం వరసగా నిలబడి బామ్మకి వంగి దణ్ణం పెడతాం, ముందర కమలాపండ్లు పెడతాం. పెద్ద చదువులు చదివిన సెన్సేలు, అంటే మా గురువులు కూడా పెడతారు. జేబులో తాళంచెవి ఉంటే మా మీద ఎగిరిపడేవాళ్లు కూడా, దేవుడి సరుకు మీద ఏనాడూ తనిఖీ పెట్టలేదు.

మిజోగుచి కిసో లోయలో పుట్టాడు. తండ్రిది సోబా నూడుల్స్ దుకాణం. పిండిముద్దని పలచగా ఒత్తి, మడతలు పెట్టి, పెద్ద కత్తితో దారాల్లా కోసేవాడట. తెల్లారేసరికి పీట మీద ఆ కత్తి చప్పుడు వింటూ నిద్రలేచేవాణ్ణని మిజోగుచి నాకు చాలాసార్లు చెప్పాడు. ఆ దారాలన్నీ ఒకే మందం. లోయలో ఆయనంత సమంగా కోసేవాడు లేడని పేరు. అరవై ఏళ్లు దగ్గరపడేసరికి తండ్రి చెయ్యి వణకడం మొదలైంది. సోబా ఒకటి లావు, ఒకటి సన్నం. తినేవాళ్లు ఏమీ అనలేదు. ఏదో ఒకటి అన్నా బాగుండేది. ఒక్కొక్కరే రావడం మానేశారు. ఒకరోజు ఆ ముసలాయన తనే దుకాణం మూసేసి, కత్తిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. తర్వాత కొన్నాళ్లకి గిన్నె కూడా ఎత్తలేకపోయాడు. కొడుకే చారు తాగించేవాడు.

ఆ కొడుకు మా సంస్థకి వచ్చింది చీకటిగదిలో పనికి. అప్పట్లో పరమాణువుల బొమ్మలు ఫిల్ము మీద పడేవి, వాటిని కడగాలి. కడిగి కడిగి ఆయన చేతుల చర్మం ఎప్పుడూ పొలుసులు లేచి ఉండేది. తర్వాత ఫిల్ములు పోయాయి, తెరలు వచ్చాయి. సెన్సేలు వచ్చారు, వెళ్లారు. ఆయన మాత్రం బామ్మ దగ్గరే ఉండిపోయాడు. గొప్పవాడేం కాదు. బహుమతులు రాలేదు, ఎవరూ పొగడలేదు. ఊపిరి బిగబట్టి కూర్చోవడం, మెల్లగా నడవడం, మెల్లగా మాట్లాడటం, ఆయన జీవితమంతా అంతే. భార్య నొబుకో మా వీధే. సాయంత్రాలు వీధి చివర ఉమ్మడి స్నానశాలలో కలుస్తాం. "మా ఆయన తుమ్మినా పక్కనున్న నాకు వినపడదు. నేనేమో పెళ్లాడింది మనిషినే అనుకున్నాను," అని వేడినీళ్లలో కూర్చుని అంటుంటే ఆ తొట్టిలోని ఆడవాళ్లంతా నవ్వేవాళ్లు.

ఆ శరత్తులో ఆయనకి అరవై నిండాయి. ఆనవాయితీ ప్రకారం ఎర్ర చొక్కా తొడిగి, ఎర్ర టోపీ పెట్టి కూర్చోబెట్టారు. ఎర్ర బీన్సు కలిపిన అన్నం వండారు. మేమంతా వెళ్లాం. నొబుకో ఆయనకి ఒక అదృష్టపు పిల్లిని బహుమతిగా ఇచ్చింది. బంగారు రంగు ప్లాస్టిక్ పిల్లి. కాళ్ల దగ్గర చిన్న పలక ఉంటుంది, దాని మీద వెలుతురు పడితే చాలు, రా రమ్మని చెయ్యి ఊపుతూనే ఉంటుంది.

మాది తొకొనామె అనే ఊరు. తరతరాలుగా మట్టి పిల్లులు చేసిన ఇంటిదాన్ని. నాకు ఆ ప్లాస్టిక్‌దాన్ని చూస్తే కడుపు రగిలింది. మా ఊరి పిల్లులు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచుకుని బుద్ధిగా కూర్చుంటాయి, ఇలా వీధిలో టాక్సీ పిలిచినట్టు ఊపవు అని అక్కడే అనేశాను. నొబుకో మూతి తిప్పుకుంది. మిజోగుచికి మాత్రం అది తెగ నచ్చింది. మర్నాడే తెచ్చి, బామ్మ పక్కనున్న అరలో, రక్షరేకు పక్కన, తన దీపం కింద పెట్టుకున్నాడు.

ఆ దీపం సంగతి చెప్పాలి. మిగతావాళ్లంతా బామ్మ దగ్గర చీకట్లోనే కూర్చుంటారు, తెర వెలుగు చాలు వాళ్లకి. ఆయన కళ్లు ముసలివయ్యాయి, మీటల మీది గుర్తులు కనపడవు. అందుకని అరకి ఒక చిన్న దీపం బిగించుకున్నాడు. ఆయన కూర్చున్నప్పుడే అది వెలుగుతుంది.

ఆ పుట్టినరోజు పండగ జరిగిన కొద్దిరోజులకే బొమ్మలు పాడవడం మొదలైంది. గుండ్రంగా ఉండాల్సిన చుక్కల అంచులు రంపం పళ్లలా తేలాయి. మామూలుగా తిట్టేవాటిని అన్నిటినీ తిట్టాం. ముందు కొండ కింద పోయే రైలుని, తర్వాత లిఫ్టుని, ఆ తర్వాత పక్క గదిలో వేడిగాలి యంత్రాన్ని. హగివారా సెన్సే, అంటే బామ్మ గదికి పెద్ద, ముప్పై ఏళ్లు దాటిన చురుకైన పిల్ల, వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. బొమ్మ అద్దంలా వచ్చింది. యంత్రం చేసిన కంపెనీ మనిషి వచ్చాడు, చీకట్లో పరీక్షలన్నీ చేశాడు, అంతా సవ్యంగా ఉందని వంగి నమస్కారం పెట్టి వెళ్లాడు. మిజోగుచి కూర్చుంటే మళ్లీ రంపం పళ్లు.

ఊరుకుంటానా? "మీరు కూర్చుంటేనే బామ్మకి చలేస్తున్నట్టుంది మిజోగుచి సాన్, ఓ దుప్పటి కప్పండి," అన్నాను. ఇంకెప్పుడైనా అయితే పెదవి చివర నవ్వేవాడు. ఆ రోజు నా వైపు చూడనైనా లేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు.

అది నాకు అర్థమైంది స్నానశాలలో. నొబుకో ఆ రోజు జోకులు వేయలేదు. మెడ దాకా నీళ్లలో మునిగి, గోడ వైపు చూస్తూ చెప్పింది. ఆయన మిసో చారు సగం గిన్నే పోయించుకుంటున్నాడట. టీ రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడట. పొద్దున్నే అద్దం ముందు చేతులు చాచి నిలబడి చూసుకుంటున్నాడట. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, డాక్టరు చెప్తే ఇక అది నిజమైపోతుంది అన్నాడట. "మామగారికి వచ్చిందే ఈయనకీ వచ్చిందేమో కసుయా సాన్. నాకు చెప్పడు. నేను అడగను. ఇద్దరం ఒక ఇంట్లో దొంగల్లా తిరుగుతున్నాం," అంది. దుప్పటి కప్పమని అన్న నోటిని నీళ్లలో ముంచుకున్నాను.

మర్నాటి నుంచి నేనూ ఆయన చేతుల్నే చూడటం మొదలుపెట్టాను. నమూనాని పట్టకారుతో ఎత్తుతున్నప్పుడు వణుకు కనిపించింది. కొద్దిగా. అయితే భయపడ్డ చెయ్యి ఎవరిదైనా వణుకుతుంది. అది జబ్బు వణుకో, భయం వణుకో నేనెలా చెప్పగలను? అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం ఇద్దరి మెడల మీద నుంచి నా మెడ మీదికి కూడా ఎక్కింది. ఆయన చేతులు మంచివని ఎవరైనా ఒక్కరు చెప్తే బాగుండునని కొండ కింది గుడి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా దణ్ణం పెట్టుకున్నాను. నిజానికి నేను ఆ గుడికి ఏనాడూ దణ్ణం పెట్టే రకం కాదు.

సంవత్సరంలో చివరి పనిరోజు పెద్ద శుభ్రం చేసుకుంటాం. అందరం తలకి గుడ్డలు కట్టుకుని కిటికీలు తుడుస్తుంటే మిజోగుచి నా గదికి వచ్చాడు. బామ్మని హగివారా సెన్సేకి అప్పగించేస్తానని, తనని సామాన్ల గదికి మార్చమని మధ్యాహ్నం అడుగుతానని చెప్పాడు. వాన వస్తుందేమో అన్నంత మామూలుగా చెప్పాడు. ఆ మామూలుతనం నాకు కోపం తెప్పించింది.

"పరీక్ష చేయించుకోకుండానే శిక్ష వేసుకుంటారా?" అన్నాను.

"మా నాన్న తనంతట తనే దుకాణం మూశాడు. ఎవరో వచ్చి మూయించేదాకా ఆగలేదు. ఆ ఒక్కటైనా ఆయన దగ్గర నేర్చుకున్నాను," అన్నాడు. తర్వాత, "మీరు మొన్న అరగదీసిన ముక్క ఉందిగా, ఆ అతుకు ఉన్న ముక్క. దాన్ని నేను సరిగ్గా చూడలేదు. ఒక్కసారి చూసి పోతాను. మీరూ వచ్చి పక్కన కూర్చోండి. కాకపోతే మాట్లాడకండి," అన్నాడు.

ఆ ముక్కలో రెండు స్ఫటికాలు అతుక్కున్న చోటు ఒకటి ఉంది. పదార్థం కొలిమి వేడికి సాగిపోకుండా ఒక అరుదైన లోహాన్ని చిటికెడు కలుపుతారు. ఆ లోహపు పరమాణువులు ఆ అతుకులో వచ్చి చేరతాయని అందరూ అనుకుంటున్నారు. బామ్మ కంటికి ఇంకా పడలేదు. బామ్మ చూసేలోగా ఆయన వెళ్లిపోవడం నాకే కష్టంగా అనిపించింది, ఆయనకెలా ఉంటుంది.

వెళ్లి కూర్చున్నాం. దీపం వేశాడు. అరలో పిల్లి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. ఆయన మీటలు తిప్పాడు, అతుకు దగ్గరికి వెళ్లాడు, చేతులు బల్ల మీద ఆనించాడు. బొమ్మ పై నుంచి కిందికి గీత గీతగా దిగుతుంది, పరదా దించినట్టు. రంపం పళ్లు. ఇంకోసారి తీశాడు. రంపం పళ్లే. మూడోసారి మీట దగ్గరికి వెళ్లిన చెయ్యి నా కళ్ల ముందే వణికింది. ఆయనా చూశాడు.

"ఈ చేతుల్ని నేను చూడలేను," అని, దీపం ఆర్పేశాడు.

చీకట్లో తెర ఒక్కటే వెలుగుతోంది. ఆయన ఊపిరి వినపడుతోంది. ఏడుస్తున్నాడేమోనని నేను అటు తిరగలేదు. బొమ్మ దిగడం మొదలైంది. పైన రంపం పళ్లు. కొంచెం కిందికి వచ్చేసరికి పళ్లు అరిగినట్టున్నాయి. ఇంకా కింద లేవు. సగం నుంచి చుక్కలు గుండ్రంగా, నిలబడి ఉన్నాయి. నేను కళ్లు నులుముకున్నాను. ఆయన ఇంకో బొమ్మ తీశాడు. పై నుంచి కింది దాకా ఒక్క పన్ను లేదు. రెండు మడులు కలిసిన గట్టు మీద, మిగతావాటికంటే ప్రకాశంగా, ఆ అరుదైన పరమాణువులు ఒకదాని పక్కన ఒకటి బారుగా నిలబడి ఉన్నాయి.

"ఇది ఎవరు తీశారు?" అన్నాడు. ప్రశ్న నన్నే.

"ఇక్కడ మీరు, నేను, బామ్మ. నాకైతే తీయడం రాదు."

ఆయన దీపం వేశాడు. కాసేపటికి మళ్లీ పళ్లు వచ్చాయి. ఆర్పాడు. పోయాయి. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే అది కూడా బొమ్మలో పడుతుందేమోనని భయపడ్డాను. దీపంలోనే ఉంది తిరకాసు అని పరుగెత్తుకెళ్లి నా గదిలోని దీపం తెచ్చి బిగించాను. వేశాం. ఎదురుచూశాం. మళ్లీ రంపం పళ్లు. ఆయన భుజాలు కుంగిపోయాయి. వెలుతురు చూస్తేనే వణికే చేతులు కాబోలు నావి అన్నాడు. ఆ మాట నేను తట్టుకోలేకపోయాను.

తట్టుకోలేనప్పుడు నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఎవరి మీద చూపించాలి? ఎదురుగా ఆ ప్లాస్టిక్ పిల్లి. ఇంత దుఃఖంలో మేముంటే, రా రా అని పళ్లికిలించి చెయ్యి ఊపుతోంది. "నీ ఊపుడు ఆపు, తల్లీ," అని దాని పీక పట్టుకుని లాగి, నా ముందుజేబులో కుక్కుకుని, తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ గదిలో ఇంకొక్క క్షణం ఉంటే దాన్ని నేలకేసి కొట్టేదాన్ని.

వరండా చివరిదాకా కూడా వెళ్లలేదు. వెనక నుంచి కేక వినపడింది. "కసుయా సాన్!" అని. మిజోగుచి కేక. ఇన్నేళ్లలో ఆయన గొంతు గోడ దాటడం నేను వినలేదు. కిటికీలు తుడిచేవాళ్లంతా గుడ్డలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. హగివారా సెన్సే చెప్పులు జారిపోతుంటే పరుగెత్తుకొచ్చింది. అందరం ఆయనకి ఏమైందో అనుకున్నాం.

లోపలికి వెళ్లి చూస్తే ఆయనకేమీ కాలేదు. దీపం వెలుగుతోంది. ఆయన చేతులు బల్ల మీదే ఉన్నాయి. తెర మీద పరమాణువులు కదలకుండా ఉన్నాయి. ఒక్క చోట మాత్రం అడ్డంగా ఒక పెద్ద అల. అది ఆయన కేకే.

సెన్సే నా జేబులోంచి పిల్లిని తీసి, కడుపు కింది మూత ఊడదీసి చూసింది. ఊగే చెయ్యి చివర ఒక చిన్న అయస్కాంతం. ఎలక్ట్రాన్లు అయస్కాంతం ఎటు లాగితే అటు వంగుతాయి, మా పని మొత్తం దాని మీదే నడుస్తుంది. పిల్లి చెయ్యి అటు ఊగితే ఎలక్ట్రాన్లు అటు, ఇటు ఊగితే ఇటు. దీపం వేస్తే పిల్లి లేస్తుంది. దీపం ఆర్పితే కాసేపు ఊగి పడుకుంటుంది. చీకట్లో కూర్చునే వాళ్లందరికీ అది నిద్రపోతున్న పిల్లి. దీపం వేసుకునే ముసలాయన ఒక్కడికే లేచిన పిల్లి.

"నేను రైలు వాళ్లతో ఎంత పోట్లాడానో తెలుసా? వాళ్లకి ఇప్పుడు ఏమని చెప్పను, పిల్లి అని చెప్పనా?" అని సెన్సే తల పట్టుకుంది. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికాం. అదృష్టం కోసం పెట్టిందే ఇలా చేసింది. కంచే చేను మేసింది.

మిజోగుచి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కుర్చీలోంచి నేల మీదికి జారి, బామ్మ ఒంటికి వీపు ఆనించి కూర్చుని ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు. నేనూ పక్కన కూలబడ్డాను. మోస్తున్న బరువు దిగినప్పుడే తెలుస్తుంది ఎంత మోశామో. సామాన్ల గది మాట సెన్సే చెవిన ఎప్పటికీ పడలేదు. "ఇంటికెళ్తాను, నొబుకోకి చెప్పాలి," అని ఆయన తలకున్న గుడ్డ కూడా విప్పకుండా కొండ దిగి పోయాడు. ఆయన వంతు కిటికీలన్నీ నేనే తుడిచాను. తిట్టుకుంటూనే తుడిచాను గానీ, అంత సంతోషంగా ఎప్పుడూ తుడవలేదు.

సంవత్సరం చివరి రోజు సాయంత్రం, ఇంటింటా సోబా తినే పూట, నన్ను వాళ్లింటికి పిలిచారు. పిల్లి వంటింటి కిటికీలో కూర్చుని ఉంది. ఇక్కడ ఎంతైనా ఊపుకో, ఎవరికీ నష్టం లేదు అని నొబుకో దానికి అనుమతి ఇచ్చిందట. బామ్మ పక్కన పెట్టడానికి మా తొకొనామె మట్టి పిల్లిని నేను తీసుకెళ్లాను. అది ఊపదు, కదలదు. నొబుకో దాన్ని చూసి, "ఇప్పుడైతే మీరే గెలిచారులే కసుయా సాన్," అంది.

మిజోగుచి కిసో నుంచి తెచ్చి దాచిన గుడ్డమూటని అటక మీంచి దించాడు. తండ్రి కత్తి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మూట విప్పడం నొబుకో చూడలేదట. పిండి తనే పిసికాడు, ఒత్తాడు, మడతలు పెట్టాడు, కొయ్యడం మొదలుపెట్టాడు. పీట మీద టక్, టక్ అని చప్పుడు. కోసినవి విప్పి చూస్తే, ఒకటి నూలుదారం, ఒకటి చెప్పుల తాడు. ఆయన వాటిని చేత్తో పైకెత్తి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది వణుకు కాదు," అన్నాడు. "చేతకానితనం."

అంత ఆనందంగా తన చేతకానితనాన్ని ఒప్పుకున్న మగవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. నొబుకో ఆ చెప్పుల తాళ్లనే ఉడకబెట్టింది. కొన్ని కరిగిపోయాయి, కొన్ని ఉడకలేదు. సెలవులయ్యాక డాక్టరు దగ్గరికి కూడా వెళ్తానని, ఇప్పుడు వెళ్లగలనని ఆయన ఆవిడతో మెల్లగా అన్నాడు. తర్వాత పొయ్యి దగ్గర గిన్నెలో చారు అంచుదాకా పోసుకుని, ఒంటిచేత్తో పట్టుకుని మా దగ్గరికి బయల్దేరాడు. నేను మాత్రం నోరు మూసుకుని ఉండలేక, జాగ్రత్త, పిల్లి చూస్తోంది అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి చారు ఒలికింది, చాప మీదా, నా కొత్త కిమోనో మీదా. నొబుకో గుడ్డ కోసం లేవలేదు. ఒలికినదాన్ని చూస్తూ అక్కడే కూర్చుని, ఇంకాస్త పోసుకోండి అంది.